నాలుగో కాగు

నేను చేరేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. అప్పటికే రెవాజ్ కేసు తేల్చేసి, చేతులు దులుపుకుని, పెరట్లో సిగరెట్ కాలుస్తున్నాడు.

"చనిపోయింది జక్రో. యాభై ఆరేళ్లు. చంపింది అల్లుడు బెజాన్," అన్నాడు నన్ను చూడగానే. "ఒంటిగంటకి వాణ్ణి కారెక్కించి టిబిలిసి తీసుకుపోతాను. మీరొక సంతకం పెడితే చాలు, తమాజ్ గారూ."

"మీరొచ్చి ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు."

"మా ఊళ్లల్లో కోడిని పట్టడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది," అన్నాను.

నేను ఈ జిల్లా పోలీసుని. రెవాజ్ రాజధాని టిబిలిసి పోలీసు. వేరే పని మీద తెలావీ వచ్చి, ఈ కబురు వినగానే నాకంటే ముందు వాలిపోయాడు. ద్రాక్ష కోతల రోజుల్లో మా కఖేతీ పల్లెలకి తెల్ల బూట్లు వేసుకొచ్చినవాడి తెలివి మీద నాకు పెద్ద గౌరవం లేదు. మామగారు ప్లాస్టిక్ సీసాల్లో పంపిస్తే తాగడం తప్ప వైన్ ఎలా అవుతుందో అతనికి తెలియదు. అది తప్పేమీ కాదు. తెలియదని ఒప్పుకోకపోవడమే అతని జబ్బు.

జక్రో తన మరానిలోనే చనిపోయాడు. రాతి గోడల వైన్ కొట్టు అది. లోపల నేలలో మెడదాకా పాతిన ఆరు మట్టి కాగులు, వాటిలో తొక్కలతో సహా పులుస్తున్న ద్రాక్ష. పులుస్తున్నన్నాళ్లూ వాటిలోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. బరువైన గ్యాస్, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. నిలబడ్డవాణ్ణి ఏమీ చెయ్యదు, పడుకున్నవాణ్ణి మళ్లీ లేవనివ్వదు. అందుకని గోడ అడుగున తూము ఉంచుతారు, గ్యాస్ బయటి వాలులోకి జారిపోవడానికి. కోతల రోజుల్లో జక్రో ఆ తూము పక్కనే పొట్టి మంచం వేసుకుని పడుకునేవాడు. ఆ ఉదయం తూములో ఒక ఉన్ని కోటు కుక్కి ఉంది. కోటు బెజాన్‌ది.

శవాన్ని తెలావీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరాడక పోయాడన్నాడు డాక్టరు. ఎప్పుడంటే, రాత్రి పదకొండుకీ ఉదయం ఏడుకీ మధ్య. మరాని చలికి అంతకంటే కచ్చితంగా చెప్పలేనన్నాడు.

"రాత్రి భోజనాల దగ్గర మామా అల్లుళ్లు అరుచుకున్నారు. ఇరుగుపొరుగు విన్నారు," అన్నాడు రెవాజ్. "మామ తాగి పడుకున్నాడు. అల్లుడు తన కోటుతో తూము మూశాడు. ఇంకేం కావాలి మీకు?"

"ఒంటిగంటదాకా టైము కావాలి."

"తీసుకోండి. నేనేమైనా ఆపానా?"

ముందు తూము చూశాను. మరాని వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. నా మోకాళ్ల సంగతి జిల్లా అంతటికీ తెలుసు. బయటి వైపు ఎలుకలు రాకుండా ఇనుప జల్లెడ బిగించారు. జల్లెడ మీద సాలెగూడు చెక్కుచెదరలేదు, దాని మీద మంచు బొట్లు అలాగే ఉన్నాయి. కోటు కుక్కింది లోపలి నుంచి.

"అయితే లోపలికే వెళ్లి కుక్కాడు," అన్నాడు రెవాజ్, భుజాలెగరేసి.

బెజాన్ చేతులకి బేడీలతో మెట్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కన భార్య నతేలా. జక్రోకి ఒక్కతే కూతురు, ఏడో నెల. తండ్రి కోసం ఏడవాలో మొగుడి కోసం ఏడవాలో తెలియక ఊరికే కూర్చుంది. నాకు ఆమె వైపు చూడటం కష్టంగా ఉంది.

"రాత్రి నువ్వు మరానిలో ఎంతసేపున్నావు?" అని బెజాన్‌ని అడిగాను.

"పదకొండింటికి మామా నేనూ కలిసి తెట్టు కలిపాం సార్. ఆరు కాగులూ. అరగంట పట్టింది. తర్వాత ఆయన మంచమెక్కాడు, నేను ఇంట్లోకొచ్చి పడుకున్నాను."

పులిసే ద్రాక్షలో తొక్కలన్నీ పైకి తేలి తెట్టు కడతాయి. రోజుకి నాలుగుసార్లు తెడ్డుతో దాన్ని విరిచి అడుక్కి కలపాలి. కలపకపోతే ఎండి, వైన్ పాడవుతుంది. ఇది కఖేతీలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"ఆ తర్వాత?"

"మూడున్నరకి లేచి ద్రాక్ష లారీ తీసుకుని వైన్ ఫ్యాక్టరీకి వెళ్లాను. వరసలో నలభై మూడో నంబరు. ఏడింటికి తిరిగొచ్చాను. లారీ దిగుతుంటే నతేలా మేనత్త కేకేసింది."

"వరసలో లారీ వదిలేసి నడిచి రావచ్చుగా?" అన్నాడు రెవాజ్.

బెజాన్ అతని వైపు జాలిగా చూశాడు. "వదిలేస్తే వెనకోళ్లు లారీని కాలవలోకి తోస్తారు సార్. పది నిమిషాలకోసారి ముందుకి జరపాలి."

నలభై నాలుగో నంబరు లారీవాడి ఫోన్ నంబరు తీసుకుని అక్కడే అడిగాను. "నాలుగింటి నుంచీ నా ముందే ఉన్నాడు. అయిదింటప్పుడు స్టీరింగ్ మీద తలపెట్టి పడుకున్నాడు వెధవ, హారన్ కొట్టి కొట్టి నా బ్యాటరీ దిగింది," అన్నాడు.

"కోటు ఎప్పుడూ ఎక్కడ పెడతావు?" అన్నాను బెజాన్‌తో.

"మరాని తలుపు వెనక మేకుకి. చలేస్తే ఎవరైనా వేసుకుంటారు."

తొమ్మిదీ పదికి మరానిలోకి వెళ్లాను. తూము, తలుపు రెండూ తెరిచి ఉండటంతో గాలి బాగానే ఆడుతోంది. వరసగా ఆరు కాగుల మూతులూ చూశాను. అయిదింటిలో తెట్టు అంచుదాకా లేచి, ఎండి, పగుళ్లిచ్చింది. పైన చిన్న ఈగలు ముసురుతున్నాయి. నాలుగో కాగు దగ్గర ఆగిపోయాను. అందులో తెట్టు తడిగా, మెత్తగా ఉంది. అంచుకి ఆరు వేళ్ల కిందే ఉంది.

బెజాన్‌ని గడప బయటే నిలబెట్టి అడిగాను. "కలిపితే తెట్టు ఎంత దిగుతుంది?"

"పది వేళ్లు. ఆరింటిలోనూ అంతే. మా మామ కొలతగా నింపుతాడు. నింపేవాడు."

పదీ పదికి మళ్లీ కొలిచాను. అయిదు వేళ్లు. గంటకి ఒక వేలు లేస్తోంది. పది వేళ్ల లోతు నుంచి ఆరు వేళ్లకి రావడానికి నాలుగు గంటలు. అంటే ఉదయం అయిదింటి ప్రాంతంలో ఎవరో ఈ మరానిలోకి వచ్చి, మంచం మీద మనిషిని దాటుకుని వెళ్లి, నాలుగో కాగు ఒక్కటే కలిపి పోయారు. జక్రో లేచి కలిపి ఉంటే ఆరూ కలిపేవాడు. బెజాన్ ఆ టైముకి స్టీరింగ్ మీద గురక పెడుతున్నాడు.

రెవాజ్‌ని లోపలికి పిలిచి మెల్లగా చెప్పాను. అతను ఎండిన తెట్టు మీద ఈగల్ని చూసి ముక్కు మూసుకున్నాడు.

"కోర్టులో ఏమని చెప్పమంటారు? కాగు సాక్ష్యం ఇచ్చిందనా? వేలు పెట్టి టైము చూశామనా?"

"మీ గడియారం కంటే ఇది నయం. దీనికి కీ ఇవ్వక్కర్లేదు."

"తమాజ్ గారూ, పదకొండున్నరకి బెజాన్ తూము మూశాడు. అయిదింటికి ఎవరో పొరుగువాడు వచ్చి కలిపి పోయాడు. ఆ పొరుగువాడికీ చావుకీ సంబంధమేంటి?"

"పొరుగువాడైతే ఆరూ కలుపుతాడు. లేదా జక్రోని లేపుతాడు. పొద్దున్నించీ ఇంతమంది కంచె దగ్గర నిలబడి ఉంటే, నేనే కలిపానని ఒక్కడూ ఎందుకు చెప్పడం లేదు?"

"మనిషి నోట వచ్చిన మాట తీసుకురండి. రాసి, సంతకం పెట్టించి ఇవ్వండి. అప్పుడు వింటాను. కాగు సంతకం చెల్లదు." వాచీ చూసుకున్నాడు. "రెండు గంటలా నలభై నిమిషాలు."

అతని వెటకారం నన్ను మండించింది. కానీ అతనన్నదాంట్లో తప్పు లేదు, అదే ఇంకా మండించింది.

నతేలాని అడిగాను, నాలుగో కాగులో ఏముందని.

"ఖిఖ్వి ద్రాక్ష. కొండ మీది పాత తోటది. మిగతావన్నీ మామూలు ద్రాక్షే."

"రాత్రి గొడవ దేనికి?"

"ఆ తోట గురించే. పొద్దున తొమ్మిదింటికి ట్రాక్టరొస్తుంది, కొండ తోట పీకించేస్తున్నాను అన్నాడు నాన్న. కాపు తక్కువ, చాకిరీ ఎక్కువ అన్నాడు. బెజాన్ ఊరుకోలేదు. ఈ చుట్టుపక్కల ఆ తీగ మిగిలింది మన దగ్గరే, తాతగారు పెట్టింది, పీకితే మళ్లీ రాదు అని గొంతు పెంచాడు. నాన్న గ్లాసు మీద గ్లాసు తాగాడు."

"ట్రాక్టరొచ్చిందా?"

"వచ్చింది. డ్రైవరు సంగతి విని, టోపీ తీసి కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు."

"మీ మేనత్త ఏమంది?"

"అత్త ఏమంటుంది? వడ్డించింది."

మేనత్త మక్వాలా, జక్రోకి అక్క. అరవై దాటింది. పెళ్లి చేసుకోలేదు. వంటింటి అరుగు మీద కూర్చుని, ద్రాక్షరసంలో ముంచి మిఠాయి చెయ్యడానికి దారానికి అక్రోటు పప్పు గుచ్చుతోంది. నా ముందు రొట్టె, గొర్రెజున్ను పెట్టింది. తమ్ముడు పోయిన ఇంట్లో వచ్చినవాళ్లకి తిండి పెట్టే పని ఆగదు, ఆమె చేతులూ ఆగవు.

"మీ నాన్న వైన్ ఇంకా పుల్లగానే ఉంటోందా తమాజూ?" అంది.

"ఆయన పోయి పదకొండేళ్లయింది అక్కా."

"నేనడిగింది వైన్ గురించి నాయనా."

నాకు నవ్వొచ్చింది. ఆ పుల్లదనం గురించి జిల్లా అంతా జోకులేసేది. "ఇవాళ ఎన్నింటికి లేచారు?"

"నాలుగున్నరకి. పొయ్యి వెలిగించాను, రొట్టెలు కాల్చాను. ఏడింటికి జక్రోని పిలిస్తే పలకలేదు."

"లోపలికి వెళ్లి చూడలేదా?"

"ఈ ఇంట్లో ద్రాక్ష పులియడం ఆగేదాకా ఆడది మరాని గడప దాటదు. మా నాన్న పెట్టిన కట్టుబాటు. తలుపు తీసి అక్కడి నుంచే కేకేశాను. బెజాన్ లోపలికెళ్లి ఈడ్చుకొచ్చాడు."

"అయిదింటికి ఎవరైనా అటు వెళ్లడం చూశారా?"

"పొయ్యి ముందు కూర్చున్నదానికి వీపు వెనక ఏం కనిపిస్తుంది? రొట్టె తిను, చల్లారిపోతోంది."

తిన్నాను. ఆమె మీద నాకు అనుమానం రాలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను పప్పులో కాలేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి గానీ, రొట్టె నములుతూ వేసింది ఇదొక్కటే.

పదకొండూ పదికి కొలిచాను, నాలుగు వేళ్లు. పన్నెండూ పదికి మూడు. టైము నా చేతికిందే కరిగిపోతోంది. ఇక ఒక్కటే దారి కనిపించింది. తెల్లవారుజామున, మనిషి పడుకున్న మంచం పక్కనుంచి వెళ్లైనా ఆ కాగుని కలిపేంత ప్రేమ ఉన్నవాళ్లు, అది పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేరు. పెరట్లో నిలబడి, ఇంట్లోవాళ్లకీ కంచె అవతలి జనానికీ వినపడేలా గట్టిగా చెప్పాను.

"మరాని సీలు చేస్తున్నాను. టిబిలిసి నుంచి లేబరేటరీ వాళ్లు మూడు రోజుల తర్వాత వస్తారు. అంతవరకూ ఎవరూ లోపలికి పోకూడదు, ఎవరూ ఏదీ కలపకూడదు."

కంచె అవతల ఒకాయన నాలుక చప్పరించాడు. ఆరు కాగుల వైన్ అంటే ఎవరికి మాత్రం బాధుండదు. కానీ ఎవరూ ముందుకు రాలేదు. రెవాజ్ నవ్వుకుంటూ కారు తలుపు తీశాడు. బెజాన్‌ని లేపి నిలబెట్టాడు. నతేలా మొగుడి చొక్కా పట్టుకుని వదల్లేదు.

పన్నెండూ ముప్పై అయిదు. నేను సీలు లక్క పట్టుకుని మరాని తలుపు దగ్గరికి నడిచాను. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మక్వాలా. చేతిలో అక్రోటు దారం అలాగే ఉంది.

"తమాజూ, ఒక్క మాట. సీలు వేస్తే వెయ్యి. ముందు నాలుగోది కలపనీ."

"ఒక్క నాలుగోదేనా అక్కా?"

"మిగతా అయిదూ రాత్రి నుంచీ ఎండిపోయాయిగా, వాటినింక దేవుడు కూడా బాగుచెయ్యలేడు. ఇది అయిదింటికి కలిపింది. ఇప్పుడు కలిపితే నిలబడుతుంది."

నాలుగోది ఒక్కటే కలిపారన్న సంగతి నేను రెవాజ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. గడప దాటని మనిషికి లోపల ఏది ఎండిందో, ఏది తడిగా ఉందో తెలిసే దారి లేదు. ఆమె నా మొహం చూసింది. ఏం అనేసిందో ఆమెకీ అర్థమైంది. అయినా కంగారు పడలేదు. తలుపు పక్కన రాయి మీద కూర్చుంది.

"కోటు బెజాన్‌దని నాకు తెలీదు నాయనా. చీకట్లో చేతికందింది," అంది. "తెలిస్తే నా శాలువా పెట్టేదాన్ని. ఆ తోట కోసం నోరు తెరిచింది వాడొక్కడే."

"జక్రో నిద్రలో ఉన్నాడా?"

"గురక పెడుతున్నాడు. తెట్టు కలపడానికి అయిదింటికి తనే లేస్తాడేమోనని చూశాను. లేస్తే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. లేవలేదు. ముందు తూము మూశాను. తర్వాత నాలుగోది కలిపాను. అది కలిపితే గ్యాస్ ఎంత వస్తుందో నీకు చెప్పాలా? తలుపు వేసుకుని వచ్చి రొట్టెలు కాల్చాను."

ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఆమె ఏడుస్తోందని నేను గమనించలేదు.

"మాస్కో ఏలిన రోజుల్లో, తాగుడు మాన్పించడానికి తోటలు పీకెయ్యమని ఆర్డరొచ్చిన ఏడాది, నాన్నా నేనూ తీగల మధ్యే పడుకున్నాం. పదిహేడు రాత్రులు. జక్రో సైన్యంలో ఉన్నాడు. ఆ రెండేళ్లూ మరానిలో తెడ్డు నాదే. వాడు తిరిగొచ్చిన రోజున నాన్న తెడ్డు వాడి చేతికిచ్చి, నా చేతికి చీపురిచ్చాడు. అప్పట్నుంచి కట్టుబాటు. నేనేమీ అనలేదు. తోట ఉందిగా అనుకున్నాను." అక్రోటు దారం పక్కన పెట్టింది. "తమ్ముణ్ణి చంపుకున్నాను తమాజూ. నేనే చేశానని రాసుకో. సంతకం పెడతాను. ముందు వెళ్లి ఆ పిల్లాడి చేతులు విప్పించు. ఈలోపు నేను ఇది కలిపి వస్తాను. పావుగంట పని."

ఇక్కడ నేను చేసిన పని ఏ పోలీసూ చెయ్యడు. కఖేతీలో పుట్టిన పోలీసు చేస్తాడు. ఆ ఏడాది ఆఖరి ఖిఖ్వి పాడైపోతుంటే చూడలేక, సరే కలపండి అక్కా అన్నాను. తలుపు ఆమెకి తెరిచిపెట్టి, కారు వైపు కుంటుకుంటూ పరిగెత్తాను.

"ఆపండి. మక్వాలా ఒప్పుకుంది," అన్నాను రెవాజ్‌తో.

"సంతకం?"

"పెడుతుంది. లోపల ఉంది."

"లోపలంటే?"

అతను అడగడం, వెనక నుంచి ఓక్ తలుపుకి అడ్డగడియ పడ్డ చప్పుడు రావడం ఒకేసారి జరిగాయి. నేను తలుపు మీద పడి బాదాను. తెడ్డు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తొందర లేకుండా, ఒకే లెక్కలో, అలవాటైన చెయ్యి కొట్టే చప్పుడు. తూము వైపు పరిగెత్తాను. లోపలి నుంచి నల్ల శాలువా కుక్కి ఉంది.

"గొడ్డలి," అన్నాడు బెజాన్. బేడీలున్న చేతులు రెవాజ్ ముందు చాచాడు. "తొందరగా సార్. ఆ గడియ ఎక్కడ పట్టిందో నాకు తెలుసు."

రెవాజ్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత తాళంచెవి తీశాడు. రెండుసార్లు తప్పి, మూడోసారి తిప్పాడు. ఆ ఒక్క పనికి అతని మీద కోపమంతా పోయింది నాకు. బెజాన్ గొడ్డలితో మొదటి దెబ్బ వేశాడు. వందేళ్ల ఓక్ చెక్క, పెచ్చు మాత్రమే లేచింది. రెండో దెబ్బ. లోపల తెడ్డు కొడుతూనే ఉంది. కొడుతున్నంతసేపూ ఆమె నిలబడి ఉన్నట్టు, నిలబడి ఉన్నంతసేపూ బతికి ఉన్నట్టు. నేను తలుపుకి చెవి ఆనించి ఆ దెబ్బలు లెక్కపెడుతున్నాను.

"తమాజూ," అంది లోపల నుంచి, మామూలు గొంతుతో. "గొడ్డలి బెజాన్‌దేనా? వాడి చేతులు విప్పేశారా?"

"విప్పేశారు అక్కా. తలుపు తియ్యండి."

తెడ్డు చప్పుడు ఆగిపోయింది. పడుకున్న మనిషి బరువుకి మంచం కిర్రుమంది.

ఇంకా విప్పలేదని చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క అబద్ధం చాలు, ఆమె ఇంకా నిలబడి కొడుతూ ఉండేది. బెజాన్ మూడో దెబ్బ వేశాడు. తలుపు కదల్లేదు.